అమావాస్య నాటి మూడో క్యాసెట్టు

సెట్ దోసె అంటే మూడు దోసెలు. ఇందులో వాదించడానికేమీ లేదు. బెంగళూరులో పుట్టి పెరిగిన ఎవరిని అడిగినా ఇదే చెబుతారు. ఈ మధ్య మా వీధి చివర దర్శిని హోటల్లో సెట్ అడిగితే ప్లేటులో రెండే పెట్టిచ్చారు. మూడోది ఏమైందని అడిగాను. కౌంటరు దగ్గరి మనిషి నా వైపు జాలిగా చూసి, "సెట్ అంటే ఇప్పుడు రెండే సార్" అన్నాడు. రెండింటిని జత అంటారని అతనికి వివరించాను. నా వెనక వరసలో ఉన్నవాళ్ళకు కూడా వివరించినట్టే అయింది. వాళ్ళు పెద్దగా ఆసక్తి చూపలేదు.

నాకింత పట్టింపు ఉండటానికి కారణం ఉంది. నేను పెరిగిన రోజుల్లో వీడియో షాపువాళ్ళు సైతం ఈ లెక్క తప్పలేదు. తొంభైల మొదట్లో బెంగళూరులోని మా కబ్బన్‌పేటలో 'సెట్' తెచ్చుకోవడమంటే ఒక కలర్ టీవీ, వీడియో ఆడించే వీసీపీ ఒకటి, మూడు క్యాసెట్లు ఒక రోజు అద్దెకు తెచ్చుకోవడం. మొదటి రెండు క్యాసెట్లు మనం అడిగినవి. మూడోది షాపతను ఇచ్చింది. మూడోదాని గురించి మనకు అభిప్రాయం ఉండకూడదు. ఎవరూ అద్దెకు అడగని సినిమాలకు కూడా కాస్త గాలీ వెలుతురూ తగలాలని ఆయన ఉద్దేశం కావచ్చు.

మా ఇంటి కింది భాగమంతా మగ్గాలే. ఆరు కరెంటు మగ్గాలు, పట్టుచీరలు. ఆ చప్పుడులో పుట్టి పెరిగినవాళ్ళం కాబట్టి మా ఇంట్లో అందరూ కొంచెం గట్టిగా మాట్లాడతారు. పెళ్ళిళ్ళలో మమ్మల్ని చూసినవాళ్ళు కుటుంబంలో ఏదో తగాదా ఉందని ఇప్పటికీ అనుకుంటారు. నెలకొక్క రోజు, అమావాస్యనాడు, మగ్గాలకు సెలవు. ఆ రోజు నేతగాళ్ళు, కండెలు చుట్టే ఆడవాళ్ళు స్నానాలు చేసి పొద్దున్నే మా ఇంటికి వచ్చేవాళ్ళు, మధ్యాహ్నం భోజనం కూడా మా ఇంట్లోనే. మా నాయన సెట్ తెప్పించేవాడు. మగ్గాల మధ్య చాపలు పరిచి, మోటారు పెట్టె మీద టీవీ పెట్టి, వరసగా మూడు సినిమాలు చూసి, సాయంత్రం దీపం పెట్టే వేళకు లేచేవాళ్ళం.

మగ్గాలన్నింటికీ పెద్ద మేస్త్రీ. ఇరవై ఏళ్ళుగా మా దగ్గర ఉన్న మనిషి. మా నాయనను అన్నా అనేవాడు. నేను ఆయన్ను చిన్నాయనా అని పిలిచేవాణ్ణి. మోటారు చప్పుడు విని ఏ మగ్గంలో ఏ పోగు తెగబోతుందో చెప్పగలడని మా నాయన అందరితో గొప్పగా చెప్పేవాడు. మేస్త్రీతో మాత్రం చెప్పేవాడు కాదు.

నేను డిగ్రీ మొదటి సంవత్సరం ముగించిన రోజులు. దొడ్డబళ్ళాపురంలో మేస్త్రీ బావమరిది ఒక షెడ్డు కట్టి, నాలుగు మగ్గాలు నిలబెట్టి, నువ్వొచ్చి నడుపుకో అని కబురు పెట్టాడు. అమావాస్య దాటితే వేరే మనిషిని చూసుకుంటానని కూడా చెప్పాడు. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. తెలియనట్టు నటించే బాధ్యత మా నాయన తీసుకున్నాడు. ఒక రోజు అన్నం తింటూ, గోడతో మాట్లాడుతున్నట్టు, "మేస్త్రీ పోతే పోనీ. మనోడు ఉండాడు గదా. చదివింది చాల్లే, వచ్చి మగ్గాల కాడ నిలబడనీ" అన్నాడు. 'మనోడు' అంటే నేను. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటివాణ్ణి. మెట్లు దిగే మొదటివాణ్ణి కూడా నేనే అయ్యేలా ఉన్నాను.

మా పనిలో ఒక కట్టు ఉండేది. నేతగాడు పడుగు మధ్యలో వదిలి పోకూడదు. ఎక్కించిన పడుగు మొత్తం నేసి, అమావాస్యనాడు మాట చెప్పుకొని పోవాలి. ఆ సాయంత్రం పూజయ్యాక కొత్త పడుగు ఎక్కిస్తారు. పాత పోగు కొసకు కొత్త పోగును కలిపి పురి పెడతారు. ఆ మొదటి పోగుకు పురి పెట్టాడంటే మనిషి ఉన్నట్టే లెక్క. కాగితం లేదు, సంతకం లేదు. కాబట్టి ఆ అమావాస్య సాయంత్రంలోపు మేస్త్రీ నోరు తెరిస్తే నా చదువు అక్కడితో సరి. తెరవకపోతే ఆయన షెడ్డు సరి. ఇది నాకు తెలుసు, ఆయనకు తెలుసు, మా నాయనకు తెలుసు. ముగ్గురం కలిసి సినిమాలు చూడటానికి కూర్చున్నాం.

మొదటి రెండూ మనవే. అందులో ఒకదానికి అందరూ ఏడ్చారు, రెండోదానికి సగంమంది నిద్రపోయారు. మూడో క్యాసెట్టు మీద అట్ట లేదు. పెడితే ఇంగ్లీషు.

"మార్చప్పా" అన్నారు ఎవరో. మార్చడానికి నాలుగోది లేదు.

"యాల మార్చేది? మనోడు చదువుతుండేది ఇంగ్లీషే గదా. చెప్తాడు" అన్నాడు మా నాయన. నా చదువు ఆపాలనుకుంటున్న మనిషికి నా చదువు మీద ఉన్న నమ్మకం నన్ను కదిలించింది. నేను లేచి టీవీ పక్కన నిలబడ్డాను.

తెర మీద పొడుగాటి నల్లటి మనిషి ఒకడు, మోకాళ్ళదాకా తోలుకోటు, పరికిణీ అంత వెడల్పు కాళ్ళ ప్యాంటు, వీధిలో నడుస్తున్నాడు. పేర్లన్నీ పడేదాకా నడిచాడు. వెనక గిటారు బాతులా అరుస్తోంది. డెబ్బైలలో, చాలా తక్కువ డబ్బుతో, అమెరికాలో నల్లవాళ్ళు నటించగా తీసిన ఒక రకం నేరాల సినిమాల్లో ఇదొకటని తర్వాత చాలా ఏళ్ళకు తెలుసుకున్నాను. అప్పుడు తెలిసిందల్లా వాళ్ళ మాటల్లో ఒక్కటి కూడా నాకు అర్థం కావటం లేదని. మా పాఠ్యపుస్తకంలో ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళందరూ ముందు అనుమతి అడిగి మాట్లాడేవాళ్ళు. ఇందులో ఎవరూ అనుమతి అడగలేదు.

కండెలు చుట్టే అవ్వ ముందు వరసలో కూర్చుంది. "ఏమప్పా, అందరూ మన రంగే ఉండారే! ఏ ఊరోళ్ళు?"

"అమెరికా అవ్వా."

"అమెరికాలో ఉండేది తెల్లోళ్ళు గదా?"

"వీళ్ళూ ఉండారు."

"మాకెవురూ చెప్పలేదే" అంది అవ్వ, ఆ తప్పు నాదన్నట్టు.

గోడకు ఆనుకొని కూర్చున్న మేస్త్రీ ముందుకు జరిగాడు. మా పేటలో ఏటేటా ఆడే నాటకంలో ఆయనకు ఎప్పుడూ రాక్షసుడి వేషమే. గొంతు బాగుంటుంది, పద్యం నిలబెట్టి పాడతాడు, కానీ ఆయన రంగు రాక్షసుడికే నప్పుతుందని పెద్దల తీర్పు. ఇక్కడ ఆయన కంటే రెండాకులు ఎక్కువ నల్లటివాడు హీరో. ఆడవాళ్ళు ఆ హీరో కోసం తలుపులు తీసి పెట్టి ఎదురుచూస్తున్నారు. మేస్త్రీ రెండు మోకాళ్ళూ చేతులతో చుట్టుకొని కూర్చున్నాడు. ఆ తర్వాత టీవీ మీద నుంచి కళ్ళు తిప్పలేదు.

"ఏం పని చేస్తాడప్పా ఈయప్ప?" అని అడిగాడు.

ఆ మాత్రం చూస్తే తెలుస్తోంది. "దుడ్డు తీసుకొని మనుషుల్ని చంపుతాడు చిన్నాయనా."

"కూలికా?"

"కూలికే."

"ఎవురి కింద?"

అప్పుడే తెర మీద ఒక లావుపాటి మనిషి, ఒళ్ళో చిన్న కుక్కతో, పెద్ద బల్ల వెనక కనిపించాడు. "అదిగో, ఆయన కింద."

"ఎన్నేండ్ల నుంచి?"

తెలియని చోట తడబడితే పట్టుబడతామని కాలేజీలో మౌఖిక పరీక్షల్లో నేర్చుకున్నాను. ఏదో ఒక అంకె ధైర్యంగా చెప్పేయాలి. నోటికొచ్చిన అంకె ఇరవై. "ఇరవై ఏండ్ల నుంచి" అన్నాను.

చెప్పాక గాని తెలియలేదు. చాపల మీద కదలిక ఆగింది. నిద్రపోయినవాళ్ళు కూడా లేచారు. మా నాయన గొంతు సవరించుకున్నాడు.

"ఓనరు మంచోడేనా?" అని అడిగాడు, ఏమీ పట్టనట్టు.

"చానా మంచోడు నాయనా."

ఆ మంచోడు అదే క్షణంలో ఎదురుగా ఉన్న మనిషి చెంప ఛెళ్ళుమనిపించాడు.

"అది చనువు" అన్నాను.

అక్కడి నుంచి నేను సినిమా చెప్పడం మానేసి, నా డిగ్రీ కాపాడుకోవడం మొదలుపెట్టాను. కథ నా చేతిలో బాగానే నడిచింది. ఆ హీరోకు తల్లీతండ్రీ లేరు, లావుపాటాయన పెంచాడు. బడికి పంపాడు, కోటు కుట్టించాడు. పక్క ఊళ్ళో ఇంకో ముఠావాడు ఎక్కువ కూలి ఇస్తానని పిలుస్తున్నాడు, కానీ వాడు నమ్మదగ్గ మనిషి కాడు. హీరో ఇంట్లో ఒకామె పెద్దగా అరిచి పళ్ళెం విసిరికొట్టింది. ఆమె చెల్లెలు, ఉన్న చోటే ఉండు అన్నా అని బతిమాలుతోందని చెప్పాను. అవ్వ కళ్ళు తుడుచుకుంది. ఇంత బాగా చెప్పగలనని నాకే తెలియదు.

సినిమాది తక్కువ ఖర్చు కావడం కొంత ఇబ్బంది పెట్టింది. లావుపాటాయన మాట్లాడుతుంటే పైనుంచి నల్లటిదేదో బొమ్మలోకి దిగింది.

"అదేంది, బల్లి దిగిందా?" అంది అవ్వ.

"మైకు. తీసేవోళ్ళు చూసుకోలేదు" అన్నాడు మా నాయన. ఒక సన్నివేశంలో మండిపోయిన పచ్చ కారు తర్వాతి సన్నివేశంలో మళ్ళీ వచ్చినప్పుడు కూడా ఆయనే, "ఒకే కారుతో సరిపెట్టుకుండారు. ఖర్చు తెలిసినోళ్ళు" అని మెచ్చుకున్నాడు. వృథా చెయ్యని మనిషి ఎక్కడ కనబడినా ఆయనకు గౌరవం.

అప్పుడు హీరో ఆ గదిలోకి వచ్చాడు. కోటు లోపలి నుంచి తుపాకీ తీశాడు. లావుపాటాయన ముందు బల్ల మీద మెల్లగా పెట్టాడు. ఏదో రెండు మాటలన్నాడు. వెనక్కి తిరిగి నడిచాడు.

"తుపాకీ ఆడ పెట్టేసెనే" అన్నాడు మేస్త్రీ. "పని వద్దంటుండాడా?"

గదిలో అందరి తలలూ నా వైపు తిరిగాయి.

"లేదు చిన్నాయనా. సర్వీసింగుకు ఇస్తుండాడు. ఏడాదికొకసారి ఇయ్యల్ల."

"మన మోటార్లు ఇస్తాము సూడు, అట్ల" అంది అవ్వ. ఆమెకు నేను ఎప్పటికీ రుణపడి ఉన్నాను. మేస్త్రీ నా ముఖం వైపు ఒకసారి చూసి మళ్ళీ టీవీ వైపు తిరిగాడు.

ఇక సినిమాకు నా మీద కక్ష ఉన్నట్టు, ఈత కొలను పక్కన కుర్చీలో కూర్చున్న లావుపాటాయన దగ్గరికి హీరో వచ్చాడు. ఇద్దరూ కాసేపు మాట్లాడుకున్నారు. కుక్క మొరిగింది. హీరో ఇంకో తుపాకీ తీసి ఆయన్ను మూడుసార్లు కాల్చాడు. ఆయన కుర్చీతో సహా నీళ్ళలో పడ్డాడు. తక్కువ ఖర్చు కాబట్టి ఒకే కోణం నుంచి, కానీ అనుమానానికి తావు లేకుండా పడ్డాడు.

"సంపేసె!" అంది అవ్వ.

మా నాయన టీవీని చూడటం లేదు. నన్ను చూస్తున్నాడు. 

"కల" అన్నాను.

"కలా?"

"కలే. ఓనరుకు కల పడింది. మేస్త్రీ యాడ వదిలేసి పోతాడో అని..." అనేసి, "ఆ మనిషి యాడ పోతాడో అని దిగులుతో కల కంటుండాడు" అని సర్దుకున్నాను.

ఆ తప్పు ఎవరూ విననట్టే ఉన్నారు. లేదా అందరూ విన్నారు. కలలకు మేమంతా అలవాటుపడినవాళ్ళం. మన సినిమాల్లో పాటలు సగం కలలే కదా. టీవీ నిండా గీతలు వచ్చి, బొమ్మ వణికి, క్యాసెట్టు అయిపోయింది.

"ఇంగ మేలుకునేది చూపీలేదే?" అని అడిగింది అవ్వ.

"మేలుకున్నట్టు అర్థం చేసుకోవల్ల" అన్నాను. కాలేజీలో కవిత్వం గురించి మాకు ఇలాగే చెప్పేవాళ్ళు.

చాపలు ఎత్తారు. మగ్గాలకు పసుపు, కుంకుమ పెట్టారు. హారతి అయ్యాక కొత్త పడుగు తెచ్చి మొదటి మగ్గం దగ్గర పెట్టారు. మా నాయన చేతులు వెనక్కి కట్టుకొని, "ఏం మేస్త్రీ, ఏమన్నా చెప్పేదుండాదా?" అన్నాడు. అంత మామూలుగా అడగడానికి ఎంత కష్టపడ్డాడో ఆయన మెడ చూస్తే తెలిసేది.

మేస్త్రీ మగ్గం మీద చెయ్యి పెట్టాడు. మెట్ల దగ్గర ఉన్న నన్ను చూశాడు. తర్వాత పోగు జారకుండా వేళ్ళు విభూతిలో అద్దుకొని కూర్చున్నాడు.

"ఏమీ లేదన్నా. పడుగెక్కిద్దాం" అని మొదటి పోగుకు పురి పెట్టాడు.

నేను మేడ మీదికి వెళ్ళి పుస్తకం తెరిచాను. ఒక్క అక్షరం ఎక్కలేదు. కానీ ఆ రోజు నా తెలివితేటల మీద నాకు కలిగిన గౌరవం చాలాకాలం చెక్కుచెదరకుండా నిలిచింది. ఆ తర్వాత ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో తెలియని ప్రశ్న వచ్చినప్పుడల్లా ఆ మధ్యాహ్నాన్ని తలుచుకొని ధైర్యంగా ఏదో ఒకటి చెప్పేవాణ్ణి. సాధారణంగా పనిచేసేది.

రెండేళ్ళకు డిగ్రీ అయింది. ఉద్యోగం వచ్చింది. నా ఆర్డరు కాగితం ఇంటికి వచ్చిన తర్వాతి అమావాస్యనాడు, ఆ సాయంత్రం పూజ అవగానే మేస్త్రీ మా నాయనకు దండం పెట్టి, "పొయ్యొస్తానన్నా" అన్నాడు. మా నాయన పట్టు పంచె పెట్టి పంపాడు. దొడ్డబళ్ళాపురంలో షెడ్డు అప్పటికే వేరే ఎవరి చేతికో పోయింది. ఆయన ఎవరి దగ్గరో మళ్ళీ కూలికి చేరాడని విన్నాను. మా మగ్గాలను ఇంకో మేస్త్రీ కొంతకాలం నడిపాడు, తర్వాత నాయన ఒక్కొక్కటే అమ్మేశాడు. ఎవరూ నన్ను మగ్గం దగ్గర నిలబడమనలేదు.

రెండువేల సంవత్సరం దాటాక నేను రోజంతా ఫోనులో అమెరికావాళ్ళతో మాట్లాడి జీతం తీసుకునే కంపెనీలో ఉన్నాను. వాళ్ళలో ఎవరూ ఆ సినిమాలోవాళ్ళలాగా మాట్లాడలేదు. కొంచెం నిరాశగా ఉండేది. ఒక శనివారం పొద్దున మడివాళలో పీజీ హాస్టల్లో ఉండే సహోద్యోగి గదికి వెళ్తే, ఫుట్‌పాత్ మీద కొన్న డీవీడీల కుప్పలో తోలుకోటు మనిషి కనబడ్డాడు. అట్ట మీద నడుస్తున్నాడు. కింద మాటలు అక్షరాల్లో వచ్చే డీవీడీ. అక్కడే కూర్చుని చూశాను.

హీరో మొదటి సన్నివేశం నుంచీ ఆ పని మానేయాలనే చూస్తున్నాడు. నేను చెల్లెలన్న ఆమె భార్య. ఎప్పుడు మానేస్తావని అడిగి పళ్ళెం విసిరింది. లావుపాటాయన ఎవరినీ పెంచలేదు, కుక్కను తప్ప. బల్ల మీద తుపాకీ పెట్టి హీరో అన్న రెండు మాటలు, ఇంక నావల్ల కాదు, అంతే. కల ఎక్కడా లేదు. మా క్యాసెట్టులో లేని చివరి పది నిమిషాల్లో ఆయన ఒక బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంటాడు. బస్సు కదలదు, బహుశా దానికి డబ్బు చాలలేదు. ఆయన ముఖం మీద బొమ్మ ఆగిపోతుంది. కథగా చూస్తే కొన్ని చోట్ల నాదే మెరుగు. ఆ మాట సహోద్యోగితో అన్నాను కూడా.

డీవీడీ అడిగి తీసుకొని, మరుసటి రోజే దొడ్డబళ్ళాపురం బస్సెక్కాను. ఒప్పుకోలు చెప్పడానికి వెళ్తున్నానని నాకు అనిపించలేదు. మంచి జోకు ఒకటి చెప్పడానికి వెళ్తున్నాననే అనుకున్నాను. ఇల్లు వెతుక్కోవడానికి కష్టపడలేదు. వీధిలో అడిగితే మేస్త్రీ అనే చెప్పారు. బాడుగ షెడ్డులో రెండు మగ్గాలు. జుట్టు తెల్లబడింది, గొంతు అలాగే ఉంది. నన్ను చూసి రెండు మగ్గాలూ ఆపేశాడు. ఆదివారం కూడా ఆపని మగ్గాలు నా కోసం ఆపడం గమనించాను.

కాఫీ తెప్పించాడు. నాయన ఆరోగ్యం అడిగాడు. నా జీతం అడగలేదు. నేను డీవీడీ తీసి చేతిలో పెట్టాను. బొమ్మ చూసి వెంటనే గుర్తుపట్టాడు.

"ఈయప్పే" అన్నాడు. చిన్నగా నవ్వాడు. "ఎట్ల నడుస్తాండె!"

"చిన్నాయనా, ఆ పొద్దు నేను చెప్పిన కత ఉండాదే, అంతా తప్పు" అని మొదలుపెట్టి, సర్వీసింగు, చెల్లెలు, కల, అన్నీ వరసగా, ఎక్కడ నవ్వాలో అక్కడ ఆగుతూ చెప్పాను. చాలా బాగా చెప్పాను. ఆయన చివరిదాకా విన్నాడు.

"తప్పు కాదప్పా. అబద్ధం" అన్నాడు.

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

"ఒక మనిషి పనిముట్టు యజమాని ముందర పెట్టి, ఎనక్కి తిరిగి చూడకుండా పొయ్యేది తెలిసేకి ఇంగ్లీషు కావల్నా? నేను అదే అనుకుంటా కూర్చోనుంటి ఆ పొద్దంతా. ఎట్ల పెట్టేది, ఏమని చెప్పేది అని."

"మరి యాల ఉండిపోతివి?"

"నువ్వు కల అన్నప్పుడు నీ మొగం చూస్తి. మగ్గం అంటే అంత భయమా ఈ పిల్లోనికి అనుకుంటి. సరే, చదువు అయ్యేదాకా ఉంటాంలే అనుకుంటి." ఆయన డీవీడీని తిరగేసి వెనక వైపు చూశాడు. అక్కడి అక్షరాలు ఆయనకు రావు. దాన్ని మెల్లగా నా పక్కన, బెంచీ మీద పెట్టాడు. "అది కాదప్పా నాకు బాధ. రెండేండ్లు ఉండు చిన్నాయనా, నేను చదువుకోవల్ల అని ఒక్క మాట అడిగింటే ఉందును గదా. అంత కత అల్లితివి. పనోణ్ణి అడిగేదేంది అనుకుంటివి నువ్వు."